ఎద యెవరి యాజ్ఞ? (ఒక సంవాదము)

తెల్లని మేనును, కన్నుల చుట్టును క్రింది దవడ మీదను నల్లని మచ్చలును గల జోడిపి రకపు నెల్లూరు గొర్రెలను మందగా పెంచుచున్న ఒక యువకునకును, పశువైద్యశాఖలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొనిన యతని మేనమామకును నడుమ జరిగిన వాదమిది. మందలోని గొర్రెలన్నిటికిని ఒక్కదినముననే హార్మోను స్పాంజి పెట్టించవలెనని అల్లుని సంకల్పము. మామ దానిని నిషేధింపలేదు గాని, ఆ సంకల్పమునకు మూలమైన విశ్వాసమును మాత్రము అంగీకరింపజాలకపోయెను. ఇరువురును చదువుకొన్నవారు, ఇరువురును జీవాల యెడ మమత గలవారు.

అల్లుడు: మామయ్యా, మన గొర్రె 17 దినముల కొకసారి ఎదకు వచ్చును; ఆ ఎద 24 మొదలు 36 గంటలు మాత్రమే నిలుచును. ఒకటి నేడు, ఒకటి వారమునకు, మరొకటి పక్షమునకు, ఇట్లు దేని కాలము దానిదిగా ఎదకు వచ్చి చూలు కట్టుటచే, ఈతలు నెలల తరబడి సాగుచున్నవి. ఒక పిల్ల పాలు మానునప్పటికి మరొకటి పుట్టుచున్నది. బేరగాడు వచ్చిననాడు సమాన ప్రాయము గల పది పొట్టేళ్లనైనను చూపలేక, అతడు చెప్పిన ధరకు తల యొగ్గవలసి వచ్చుచున్నది. ప్రొజెస్టిరోను పట్టించిన స్పాంజిని 12 మొదలు 14 దినములు యోనిలో నుంచి, తీసిననాడు ఒక సూదిమందు వేసినచో, రెండు దినములలో మంద యంతయు ఎదకు వచ్చును. 147 మొదలు 150 దినములకు చూలు కట్టినవన్నియు ఈనును. ఈత దినములు ముందుగా తెలిసియుండుటచే రాత్రులు కాచుకొనవచ్చును, పుట్టిన పిల్లల చావులు తగ్గించవచ్చును, బక్రీదు నాటికి ఒకే ఈడు పొట్టేళ్లను సిద్ధపరచవచ్చును. ఇంత మేలైన దానికి మీరేల సంశయింతురు?

మామ: నేను స్పాంజిని సంశయించుట లేదు నాయనా, ఉద్యోగములో నుండగా నేనే యెన్నియో మందలకు పెట్టించితిని. ఎద ఇక మన చేతిలోనిదని నీ వనుకొనుచున్నావే, దానిని సంశయించుచున్నాను. మొదట ఒక్కటి చెప్పుము: గొర్రెను ఎదకు తెచ్చు ఆజ్ఞ ఎక్కడ పుట్టుచున్నది?

అల్లుడు: మెదడు అడుగున నున్న హైపోథలామస్‌లో. అక్కడి నాడీకణములు, పది అమైనో ఆమ్లముల గొలుసైన జి.ఎన్.ఆర్.హెచ్. అను హార్మోనును విడుచును; అది చెంతనే యున్న పీయూషగ్రంథిని చేరి, ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అను రెండు హార్మోనులను రక్తములోనికి పంపించును. అవి స్త్రీబీజకోశమును చేరి అండపుటికలను పెంచును. రోజర్ గిల్లెమిన్ లక్షలాది గొర్రెల మెదడుముక్కలను, ఆండ్రూ షాలీ పందుల మెదడుముక్కలను ప్రోగుచేసి, ఏండ్ల తరబడి పోటీపడి, ఇట్టి మెదడు హార్మోనుల గుట్టు విప్పినందులకే గదా 1977లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది! ఆపైన 1982లో ఆస్ట్రేలియాలో క్లార్క్, కమిన్స్ అను శాస్త్రజ్ఞులు, బ్రదికియున్న గొర్రెలలో మెదడునకును పీయూషగ్రంథికిని నడుమ ప్రవహించు నెత్తురును పట్టి కొలిచి, ఎల్.హెచ్. రక్తములోనికి వచ్చిన ప్రతి మారును మెదడునుండి జి.ఎన్.ఆర్.హెచ్. ఒక విడత వచ్చియుండుటను కన్నులకు కట్టినట్లు చూపిరి. ఆజ్ఞ మెదడుది, తక్కినవన్నియు దానిని నెరవేర్చు అవయవములు.

మామ: విడతలుగా వచ్చుచున్నదని నీవే చెప్పితివి, అందలి మర్మమును విచారింపుము. అదే హార్మోనును తెంపు లేకుండ కొన్ని దినములు ఎక్కించినచో, పీయూషగ్రంథి మొద్దువారి ఎల్.హెచ్. విడుచుటయే మానుకొనును. హార్మోను ఉన్నంత మాత్రమున చాలదు. అది ఏ వేళల, ఎంత యెడముతో వచ్చుచున్నదో అదియే ప్రధానము. ఆ యెడమును నిర్ణయించునది మెదడు కాదు. అండము విడివడిన చోట మిగిలిన పుటిక కార్పస్ లూటియమను తాత్కాలికగ్రంథిగా మారి, ప్రొజెస్టిరోనును స్రవించును. అది రక్తమున నిండియున్నంతకాలము మెదడు మూడు నాలుగు గంటల కొక విడత మాత్రమే పంపగలుగును. ప్రొజెస్టిరోను తగ్గెనా, గంటగంటకు ఒక విడత వచ్చును; పుటిక త్వరితముగా పెరిగి ఈస్ట్రడయోలును కురిపించును. తక్కిన దినములలో మెదడును అణచియుంచునట్టి యా ఈస్ట్రడయోలే, ప్రొజెస్టిరోను తొలగిన పిదప హెచ్చుపాళ్లలో కొన్ని గంటలు నిలిచినచో, అణచుట మాని ప్రేరేపింప నారంభించును, అప్పుడు ఎల్.హెచ్. ఒక్కపెట్టున పొంగును, గొర్రె ఎదకు వచ్చును, ఇంచుమించు ఒక దినమునకు అండము విడుదలయగును. ఐదారు మిల్లీమీటర్లు మించని పుటిక, తాను పక్వమైతినని తెలిపిన గాని, నీ మెదడు ఆ పొంగును పంపజాలదు.

నీవు ప్రతి ఉదయమున చూచు దృశ్యమునే తలంచుకొనుము. గొర్రె గేదె వలె అరచి తన ఎదను చాటదు. పొట్టేటి రొమ్మునకు నూనెలో కలిపిన ఎఱ్ఱమట్టి పూసి, పొట్టక్రింద గోనెపట్టా కట్టి, రాత్రి మందలో విడిచి, తెల్లవారగనే ఏ గొర్రె పిరుదులపై ఎఱ్ఱని మరక పడినదో చూచుచున్నావు. ఆ మరక పడుటకు గొర్రె తానుగా పొట్టేటి చెంతకు పోవలెను, తోక నాడించుచు కదలక నిలువవలెను. ఆ నిలుకడ పుటిక పంపిన ఈస్ట్రడయోలు ఫలము.

అల్లుడు: అట్లయిన ఆజ్ఞ మెదడుది కాదు, స్త్రీబీజకోశముది అందురు. కానిండు, నా వాదమునకు హాని లేదు. కార్పస్ లూటియము చేయు పనినే స్పాంజి చేయుచున్నది గదా! దానిలోని ప్రొజెస్టిరోను మెదడును అణచియుంచును. స్పాంజిని లాగివేసిన క్షణమున ఆ యణపు తొలగును. అన్ని గొర్రెలలోను ఒకే గడియలో కథ మొదలగును. 1960 దశకమున సిడ్నీ విశ్వవిద్యాలయములో టి.జె. రాబిన్‌సన్ ఈ పద్ధతిని రూపొందించెను. మన దేశముననే రాజస్థానములోని అవికానగరమున కేంద్రీయ గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థవారు స్వదేశపు స్పాంజిని తయారుచేసిరి. ఆజ్ఞ ఇచ్చు స్థానము ఎక్కడ నున్నను, ఆ స్థానమున మనము కూర్చుండగలుగుచున్నాము. నాకు కావలసిన దింతియే.

మామ: స్పాంజిని నీవు చేతితో లాగివేయుదువు. స్పాంజి లేని గొర్రెలో కార్పస్ లూటియమును లాగివేయు చేయి ఎవరిది? అది గర్భాశయముది. గొర్రెకు గర్భాశయమును కోసి తీసివేసినచో, రెండు వారములలో నశింపవలసిన కార్పస్ లూటియము నెలల తరబడి నిలిచియుండును. కార్పస్ లూటియము ఉన్న ప్రక్కనున్న గర్భాశయశాఖను మాత్రమే తీసివేసినను అది నిలుచును. అవతలి ప్రక్క శాఖను తీసివేసిన నిలువదు. దీనినిబట్టి ఆ సందేశము శరీరమంతయు చుట్టిరాక, దగ్గరి దారిని పోవుచున్నదని తేలినది. ఆ సందేశము ప్రోస్టాగ్లాండిను. 1972లో మెక్‌క్రాకెన్ అను నతడును అతని సహచరులును దానిని నిరూపించిరి. ఊపిరితిత్తుల గుండ పోయినచో అది చాలవరకు అక్కడనే నశించును. అందుచేత గర్భాశయపు సిరనుండి, ఆ సిరను పెనవైచుకొని మెలికలు తిరిగియున్న బీజకోశధమనిలోనికి నేరుగా ఊరుచున్నది. ఇంతకంటె వింతయైన దింకొకటి కలదు. ఆ ప్రోస్టాగ్లాండినును రేపునది ఆక్సిటోసిను. ఆ ఆక్సిటోసినును విడుచుచున్నవానిలో కార్పస్ లూటియము తానే యొకటి. తన వినాశమునకు తానే తోడ్పడుచున్న యీ గ్రంథిని ఆజ్ఞాపకమందువా, ఆజ్ఞాబద్ధమందువా?

అల్లుడు: చూలు నిలిచిననాడు ఆ వినాశము ఆగుచున్నది గదా?

మామ: ఆగుచున్నది, ఆపునది తల్లి కాదు. పొట్టేలు దాటిన పదునొకండవ దినమున పిండము కొలది మిల్లీమీటర్ల గుండు. పదునాలుగు, పదునైదు దినములకు అది దారమువలె సాగి పది సెంటీమీటర్ల వరకు పెరుగును. ఇంకను గర్భాశయపు గోడను అంటుకొనియైనను ఉండదు. ఆ దశలోనే ఇంటర్‌ఫెరాన్ టౌ అను ద్రవ్యమును స్రవించి, గర్భాశయము ఆక్సిటోసినునకు స్పందింపకుండునట్లు చేయును. దేహమున వైరసుల నెదుర్కొను ఇంటర్‌ఫెరానుల వంశమునకే యిది చెందినదని 1987లో తెలిసినప్పుడు శాస్త్రజ్ఞులు విస్మయపడిరి. ప్రోస్టాగ్లాండిను తగ్గును, కార్పస్ లూటియము నిలుచును, ప్రొజెస్టిరోను తగ్గదు, చూలు దక్కును. యాబది దినములు దాటిన పిదప మాయయే ప్రొజెస్టిరోనును తయారుచేసికొని కార్పస్ లూటియముతో పని లేకుండ చేసికొనును. కంటి కానని దారమువంటి పిండము పదమూడవ దినమున తన మాట వినిపింపలేదా, తల్లి మరల ఎదకు వచ్చును. ఏమి కోల్పోయినదో ఎవరికిని తెలియనే తెలియదు.

అల్లుడు: అద్భుతమే, కాదనను. ఐనను మామయ్యా, అద్భుతమని చేతులు ముడుచుకొని కూర్చున్నవారివలన లోకమునకు మేలు కలుగలేదు. హార్మోనును చేతికి తీసికొన్నవారివలన కలిగినది. న్యూజీలాండులోని ఆక్లండు నగరమున లిగ్గిన్స్ అను వైద్యుడు గొర్రె గర్భములోని పిల్లకు కార్టిసాలు వంటి హార్మోనును ఎక్కించి, నెలలు నిండకమునుపే ఈత వచ్చుటను చూచెను. అట్లు పుట్టిన పిల్లలు, ఊపిరితిత్తులు పరిపక్వము కావలసిన ప్రాయము రాకున్నను, గాలి పీల్చి బ్రదుకుటను చూచి, 1969లో ప్రకటించెను. 1972లో లిగ్గిన్స్, హౌవీ ఇరువురును కలిసి, నెలలు నిండక ప్రసవింపనున్న స్త్రీలకు ఆ జాతి మందు నిచ్చి శిశువుల ప్రాణములు కాపాడవచ్చునని చూపిరి. నేటికిని ప్రసూతి వైద్యశాలలలో ఆ సూదిమందు వేయుచునే యున్నారు. గొర్రె హార్మోనులను వశపరచుకొనుట అహంకారమైనచో, ఈ శిశువుల మాట యేమి?

మామ: లిగ్గిన్స్‌ను నీవు తలంచుట నాకు సంతోషము; మన వాదమున నీవు చెప్పిన వానిలో ఇది మిక్కిలి బలమైనది. కాని యతడు చేసినదేమో చక్కగా చూడుము. ఈతకు తల్లియే కారణమని లోకమనుకొనుచుండగా, గర్భస్థమైన పిల్ల పీయూషగ్రంథిని నశింపజేసినచో ఈత ఆగిపోవుననియు, ఆ పిల్లకు హార్మోను నిచ్చినచో ఈత ముందుగా వచ్చుననియు అతడు తెలిసికొనెను. అమెరికాలోని ఐడహో రాష్ట్రమున కొండమేతలో ఒక విషపు మొక్కను పదునాలుగవ దినమున తినిన గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు కలిగినవి. వానిలో కొన్నిటికి పీయూషగ్రంథియే లేకపోవుటచే, తల్లులు గడువు దాటినను ఈనలేక బాధపడినవి. పిల్ల తన వేళను తానే నిర్ణయించుకొనునని ఇవి చెప్పుచున్నవి. పిల్ల విడిచిన కార్టిసాలు మాయను మార్చి, ప్రొజెస్టిరోనును తగ్గించి ఈస్ట్రోజనును పెంచును. అదే కార్టిసాలు ఊపిరితిత్తులను గాలికి సిద్ధపరచును. పుట్టుకకు పిలుపును, పుట్టిన పిదప బ్రదుకుటకు సన్నాహమును ఒకే హార్మోను చేయుచుండుటను గ్రహించినందుననే శిశువులు దక్కిరి. లిగ్గిన్స్ దేహముపై తన గడువును రుద్దలేదు. దేహము ఏ యవయవమునుండి మాటాడుచున్నదో కనిపెట్టి, అక్కడ తన ద్రవ్యమునుంచెను.

ఇంతవరకు గొర్రె దేహము లోపలనే తిరిగితిమి. ఇక వెలుపలికి రమ్ము. ఇంగ్లండులోని సఫోక్ గొర్రె వేసవిలో ఎదకు రాదు. పగటిపొద్దు తగ్గుచుండగా శరత్తులో వచ్చును, పచ్చిక మొలుచు వసంతమున ఈనును. 1949లో కేంబ్రిడ్జిలో యేట్స్ అను నతడు దీపముల వెలుతురును పెంచి తగ్గించి, ఆ ఋతువునే తలక్రిందులు చేయగలిగెను. రాత్రి యెంత దీర్ఘమో పీనియల్ గ్రంథి విడుచు మెలటోనిను మెదడునకు తెలుపును. రాత్రులు పెరిగినకొలది ఈస్ట్రడయోలు యొక్క అణపు సడలును. కేంబ్రిడ్జిలో దీర్ఘతమమైన పగటికిని హ్రస్వతమమైన పగటికిని తొమ్మిది గంటల భేదము కలదు. మన వైపు సుమారు రెండు గంటలే. అందుచేత మన గొర్రె పొద్దునంతగా పాటింపదు. వానను, పచ్చికను, తన ఒంటిలోని కండను పాటించును. తొలకరికి మేత మొలిచిన పిదప ఎదలు పెరుగుటను నీ తాతయే యెరుగును.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 1944లో అండర్‌వుడ్‌ను అతని సహచరులును మరొకటి వ్రాసిరి. ఎద లేని గొర్రెలనుండి పొట్టేళ్లను కొంతకాలము దూరముంచి, పిదప మందలో కలిపినచో, గొర్రెలలో ఎద మరల మేల్కొనును. నిమిషములలోనే ఎల్.హెచ్. విడతలు పెరుగునని తరువాతివారు కొలిచి చూపిరి. పొట్టేటి ఉన్ని వాసనకు సైతము ఆ శక్తి కలదు. ఆ దేశముననే 1946లో బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అనువారు మరియొక విపత్తునకు కారణము చెప్పిరి. సబ్‌టెరేనియన్ క్లోవరు అను పచ్చిమేత మేసిన మందలు గొడ్డువారిపోయెను. వట్టలు కొట్టిన పొట్టేళ్లకు సైతము పొదుగు సేపెను. ఆ మేతలోని ద్రవ్యము గొర్రె కడుపున మార్పుచెంది ఈస్ట్రోజను వలె పనిచేసినది. పొద్దు, పొట్టేలు, పచ్చిక, పిండము, గర్భాశయము, పుటిక, మెదడు, ఇన్నింటి మాటలు కలిసి తేల్చిన నిర్ణయమునకు నీవు మెదడని యొక్క పేరు పెట్టుచున్నావు.

అల్లుడు: పొట్టేటి మహిమను చెప్పితిరి గాని, అందు సగమే చెప్పితిరి. పొట్టేలు కలిసిన రెండు మూడు దినములకు అండము విడుదలగును గాని, ఆ మొదటిసారి గొర్రె ఎద చూపదు. పొట్టేటి చెంతకు పోదు. కారణము, అంతకు ముందు ప్రొజెస్టిరోను తాకని మెదడునకు ఈస్ట్రడయోలు రుచింపకపోవుటయే. అందుచేత పదునెనిమిది, ఇరువది దినములు వేచియుండవలెను. ఆ ప్రొజెస్టిరోనును స్పాంజి ద్వారా ముందుగానే యిచ్చినచో తొలి అండముననే చూలు నిలుపవచ్చును. మీరు చెప్పిన ప్రకృతికే స్పాంజి అక్కర గలదు! మరియు సూదిమందుచే అండముల సంఖ్య పెరుగును. ఒక్క పిల్లతో సరిపెట్టుకొను నెల్లూరు గొర్రెకు కవలలు కలుగును. సుందరవనముల గరోల్ గొర్రె కవలలనే యీనును గదా! 1792, 1793లలో కలకత్తానుండి ఓడలలో ఆస్ట్రేలియా చేరిన వంగదేశపు గొర్రెలనుండియే బూరూలా మెరినో అను అచ్చటి గొర్రెలకు ఆ గుణము వచ్చినదనియు, పుటికలోని యొక గ్రాహకమున కలిగిన మార్పే దానికి కారణమనియు 2001 తరువాత తేలినది. మహారాష్ట్రములోని ఫల్టణులో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవారు అదే గుణమును మన దక్కనీ గొర్రెలోనికి తెచ్చిరి. కాపరికి ఒక్క పిల్లయే చాలునని ఏ శాస్త్రము చెప్పినది?

మామ: మొదటిదానిని ఒప్పుకొనుచున్నాను: పొట్టేలును స్పాంజియు ఒకదానికొకటి విరోధులు కావు. రెండవదానిలో నీవు తొందరపడుచున్నావు. ఆ సూదిమందు చూలుతో నున్న గుర్రముల రక్తమునుండి తీసినది. మాటిమాటికి వేసినచో గొర్రె రక్తమున దానికి ప్రతిద్రవ్యములు పుట్టి, ఫలము తగ్గును. మోతాదు మించినచో మూడు, నాలుగు పిల్లలు కడుపున పడును. నీ గొర్రెకు పొదుగున ఒక పిల్లకు చాలిన పాలే యున్నవి. చెరువున నీరున్నప్పుడు తూము ఎత్తిన పొలము పారును; ఎండిన చెరువునకు తూము ఎత్తిన బురదయే వచ్చును. స్పాంజి తూము వంటిది. వెన్నుపూసమీద చేయి వేసి చూడుము: కండ క్రింద ఎముక మొనలు మెత్తగా తగిలిన గొర్రె అండమును విడువగలదు, చూలు మోయగలదు, రంపపు పండ్లవలె తగులు గొర్రెకు హార్మోను నిచ్చి ఎదకు తెచ్చినను, అది చూలు నిలుపజాలదు, నిలిపినను పిల్లను పోషింపజాలదు. స్పాంజి తీసిన తరువాతి తొలి ఎదలో శుక్రకణములు గర్భాశయముఖమును దాటుటయు కొంత మందగించును. ఆపైన మంద యంతయు ఒక్కనాడే ఎదకు వచ్చినచో నీ రెండు పొట్టేళ్లు ఏమి చేయగలవు? సాధారణముగా ఇరువదియైదు, ముప్పది గొర్రెల కొక పొట్టేలు చాలును. స్పాంజి మందకు పది గొర్రెల కొకటి చొప్పున కావలెను.

అల్లుడు: పొట్టేళ్లను అరువు తెచ్చుకొందును, దాణా పెట్టుదును. బక్రీదు ధరను మాత్రము ఎట్లు వదలుకొందును?

మామ: బక్రీదు చాంద్రమానపు పండుగ, ఏటేట ఇంచుమించు పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును. నీ పచ్చిక జరుగదు. అది తొలకరికే మొలుచును. పండుగనుబట్టి దాటించు దినమును పెట్టుకొనినచో, కొన్ని యేండ్లలో ఆ లెక్క నిన్ను వైశాఖపు ఎండలో, ఆకు రాలిన బీడులో, పాలు లేని తల్లి క్రింద పిల్లలను ఈనించుకొనవలసిన స్థితికి తెచ్చును. పండుగయు ఋతువును కలిసివచ్చిన యేట ఆ లాభమును నిస్సంకోచముగా గైకొనుము; కలియని యేట ఋతువునే యనుసరింపుము. తొలకరి పచ్చిక మొలిచిన పిదప, ఈని రెండు నెలలు దాటి కండ పట్టిన గొర్రెలను ఏరి, మూడు వారములు దాణా పెట్టి, వానికి మాత్రమే స్పాంజి పెట్టించుము. అవి మార్గశిర పుష్యములలో ఈనును. అప్పటికి కోతలైన పొలములలో మేత యుండును. ఎముక తేలినవానిని మేపి, మరుసటి కాలమునకు నిలిపియుంచుము.

అల్లుడు: హార్మోను చేయగల మేలు మీద నా విశ్వాసము చెదరలేదు మామయ్యా. ఐనను ఒక్కదినముననే మంద యంతటికిని అను పట్టును విడుచుచున్నాను. ఏరిన గొర్రెలకు స్పాంజి, తక్కినవానికి మేతయు, దూరముంచి కలిపిన పొట్టేలును. రెంటిని ప్రక్కప్రక్కన లెక్క వ్రాసి, వచ్చు సంవత్సరము మీ ముందు పెట్టుదును.

మామ: పెట్టుము, నీ విశ్వాసమును విడువవలసిన పని లేదు. కాని లెక్కలో ఎన్ని గొర్రెలు ఎదకు వచ్చినవో వ్రాసి ఊరకుండకుము. ఎన్ని ఈనినవో వ్రాయుము. ఈనినవానిలో ఎన్ని పిల్లలు తల్లిపాలు కడుపార త్రాగి మూడు నెలలు దాటి బ్రదికినవో వ్రాయుము. స్పాంజి గెలిచినదో ఓడినదో ఆ కడపటి సంఖ్యయే చెప్పును. దానికి నేనును తల యొగ్గుదును.